దుబారా దండకం

మా ఆయన పద్మనాభయ్య గారు వాకాడు పక్క హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసేవారు. ఇంట్లో వంకాయలు లేవని సంచీ ఇచ్చి పంపితే ఆయన సంచీ మడత విప్పకుండా ఒక మాట పట్టుకొని తిరిగి వచ్చేవారు. కాలవ గట్టున పడవల వాళ్ళు ఎవరినో తిట్టుకుంటూ ఉంటే విన్నారట. ఆ మాటను బెల్లం ముక్కలాగా చప్పరిస్తూ గుమ్మం ఎక్కేవారు. వంకాయలేవండీ అంటే, వంకాయలా అని నన్నే అడిగేవారు. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటు పడ్డాను గానీ మంట చల్లారిందని మాత్రం చెప్పలేను.

ఆయనకు ఒక్కడే తమ్ముడు, చెంచురామయ్య. తల్లి చిన్నప్పుడే పోతే ఆయనే ఎత్తుకొని పెంచారు. నేను కాపురానికి వచ్చాక ఆ పని నాది అయింది. పొలం ఉమ్మడిదే. వరి బాగా పండే చేను, ఇంటికి కావలసిన పాడి, ఊళ్ళో మర్యాద, అన్నీ ఉన్నాయి. ఉన్నదాన్ని ఖర్చు పెట్టేందుకు మా మరిది కూడా ఉన్నాడు.

వాడి ఖర్చులు ఇన్నీ అన్నీ కావు. ఇంట్లో ఎవరికీ వాయించడం రాని హార్మోనీ పెట్టె కొనుక్కొచ్చాడు. ఇసక నేలలో పుచ్చకాయలు వేశాడు, అవి బంగారంలా కాశాయి. కాసినవన్నీ కాలవలో పోయే పడవల్లోకి ఒక్కొక్కటే విసిరి, వాళ్ళు పట్టుకుంటే చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాడు. ఒకసారి గూడూరులో కంపెనీ చెదిరిపోయిన నాటకాల వాళ్ళను వెంటబెట్టుకొచ్చి మా పంచలో దింపాడు. రాజులూ, మంత్రులూ, ఆడవేషాల వాళ్ళూ నేను వండిన సంగటి తిని మా పందిట్లోనే పడుకునేవారు. పోయేటప్పుడు వాళ్ళకు పెట్రోమాక్సు లైట్లు కావలసి వచ్చాయి. వాటికి మా తోడికోడలు పెంచలమ్మ మెడలోని గొలుసు పోయింది.

గొలుసు పోయినందుకు ఆ పిల్ల ఏడవలేదు. తనను అడగకుండా తీసుకున్నాడని ఏడ్చింది. వాళ్ళ నాయన నరసయ్య వచ్చి కూతుర్ని కోట అనే ఊరి దగ్గర ఉన్న తమ పల్లెకు తీసుకుపోయాడు. మరిది బండి వెనకే కాలవ దాకా నడిచి వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు. వాడు మంచివాడన్న సంగతి నేను దాచను, చెడ్డ పని చేశాడన్నదీ దాచను. రెండూ నిజమే. మనిషిలో రెండు నిజాలు ఉంటే ఒప్పుకోలేని వాళ్ళు చాలామంది ఉంటారు. మా ఆయన అందులో మొదటివారు.

ఆ కోపంలోనే ఆయన దండకం మొదలుపెట్టారు.

మామూలుగా దండకం దేవుడికి చెబుతారు కదా. ఈయన దుబారా మనిషికి చెప్పదలచుకున్నారు. ఆ సంవత్సరం, అంటే యాభై ఎనిమిదిలో, ఊరి గ్రంథాలయం వార్షికోత్సవానికి ఏదైనా రాయమని అడిగారు కూడా. చేతిలో డబ్బు నిలవనివాళ్ళకూ, చెప్పిన మాట విననివాళ్ళకూ తెలుగులో ఎన్ని పేర్లు ఉన్నాయో అన్నీ అందులో కూర్చాలని ఆయన పట్టుదల. కావ్యాల్లోంచి కులపాంసనుడు, మైందుడు, ఉచ్ఛృంఖలుడు దిగారు. టైలరు సాయిబు దగ్గర బేవార్సు, జులాయి, ఆవారా దొరికారు. సూళ్ళూరుపేట నుంచి వచ్చే నూనె వ్యాపారి అరవం కలిపి మాట్లాడేవాడు, అతను, డబ్బు ఊదేసేవాడని అర్థం చెప్పి, ఊదారిని ఇచ్చాడు. దండుగమారి, దేశదిమ్మరి, తిరుగుబోతు, సోంబేరి, బలాదూరు మా ఊరి కళ్ళంలోనే ఉన్నారు. ఒక్కో మాట దొరికినప్పుడల్లా ఆయన నన్ను పిలిచి వినిపించేవారు.

"పిసినిగొట్టుకు ఇన్ని పేర్లు లేవు రాఘవా, గమనించావా?" అన్నారొకసారి.

"వాడివల్ల ఎవరికీ వేడుక లేదు గదండీ. ఎవరు పేరు పెడతారు?" అన్నాను.

"దారి తప్పిన ఆడదానికో?"

ఆడదానికి ఉన్న పేర్లు నాకూ తెలుసు. అవి ఇక్కడ రాయదగ్గవి కావు. ఆయన వాటిని దండకంలో చేర్చలేదు, అంతవరకు సంతోషం.

"ఇదంతా ఎవరి గురించో ఊరికి తెలియదనుకుంటున్నారా? పెంచలమ్మ పుట్టింట్లో ఉంది. ఇప్పుడు అవసరమా ఇది?" అని అడిగాను.

"పేరు ఎక్కడ పెట్టాను? అయినా వింటే సిగ్గుపడి బాగుపడతాడు. సాహిత్యం ఉన్నది అందుకే," అన్నారు.

పండితులకు అదొక జబ్బు. పద్యంలో పెట్టి తిడితే మనిషి బాగుపడతాడని అనుకుంటారు.

వార్షికోత్సవం నాడు సాయంత్రం పందిరి నిండిపోయింది. మా మరిది మొదటి వరసలో, ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చున్నాడు. ఆయన గొంతు సవరించుకొని ఎత్తుకున్నారు.

"ఓయీ దుబారా మహారాజ, ఓ దేశసంచారి, ఓ లెక్కలేనట్టి వ్యర్థుండ, నీ చేతిలో నీరు నిల్వంగ లేదయ్య…"

జనం పగలబడి నవ్వారు. ఒక్కో పేరు పడుతుంటే పందిరి ఊగిపోయింది. పేరు పెట్టలేదు నిజమే, ప్రతివాడూ తిరిగి చెంచురామయ్య వైపు చూస్తుంటే ఇంకా పేరెందుకు? అందరికంటే గట్టిగా నవ్వింది వాడే. "నీకే నమస్కారమయ్యా నమస్తే నమస్తే నమః" అని ఆయన ముగించగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంటికి వచ్చేటప్పుడు, "ఈ జిల్లాలో ఇంకెవుడన్నా రాయగలడా వదినా మా అన్న మాదిరి?" అని దారి పొడుగునా అదే పొగడ్త. తనను గురించి అంత పెద్ద దండకం రాశాడంటే అన్నకు తన మీద ఎంత ప్రేమో అని వాడి లెక్క. మర్నాటికి దానిని కంఠతా పట్టి చేలో పాడుకుంటున్నాడు. వారం తిరిగేసరికి పడవల వాళ్ళ నోటబడి కాలవ వెంబడి రెండు వైపులా పోయింది.

సిగ్గుపడలేదు గానీ, ఎందుకో ఆ తర్వాత వాడు కొంచెం కుదురుకున్నాడు. తెల్లారే చేనుకు పోయి మడవలు చూసుకునేవాడు. హార్మోనీ పెట్టెను ఎవరికో ఇచ్చేశాడు, ఊరికే ఇచ్చాడనుకోండి. పెంచలమ్మను తలుచుకోని పూట లేదు. తనే పోయి మామగారి కాళ్ళమీద పడి వచ్చాడు. పంటలు ఇంటికొచ్చాక వస్తానని నరసయ్య కబురు పంపాడు.

మా వైపు కుటుంబాల్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. అలిగి పుట్టింట్లో ఉన్న పిల్లను తిరిగి దింపడానికి తండ్రి వస్తాడు. పిల్ల వీధిలో బండిలోనే కూర్చుంటుంది. తండ్రి అరుగు మీద కూర్చుంటే మజ్జిగ ఇస్తారు, ముట్టుకోడు. "మీవాడి గురించి ఒక్క మంచి మాట చెప్పండి" అని ఇంటి పెద్దను అడుగుతాడు. పెద్దమనిషి ఏదో ఒకటి చెబుతాడు. బుద్ధిమంతుడంటాడు, కష్టపడతాడంటాడు, ఏ మాటైనా ఫరవాలేదు. ఆ మాటకు ఇక ఆ ఇంటి పెద్దే పూచీ. తండ్రి మజ్జిగ తాగుతాడు, పిల్ల బండి దిగుతుంది. ఒక్కసారే అడుగుతారు. రెండోసారి అడిగి చెప్పించుకున్న మాటకు విలువ లేదని పెద్దల నమ్మకం. ఇదంతా తంతే, అందరికీ తెలిసిందే. తాగుబోతుల్ని కూడా బుద్ధిమంతులని చెప్పి కోడళ్ళను దింపుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

నరసయ్య వచ్చే రోజు పొద్దున్నే మరిది తల దువ్వుకొని నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, మామకు చాపలంటే ప్రాణం. సముద్రం కాడ మాల్యాద్రి వల తీసుంటాడు. పోయి పండుగప్ప తెస్తా."

"ఇప్పుడు ఎందుకురా? ఇంట్లో ఉండు. వాళ్ళు వచ్చే వేళయింది."

"నేనుంటే మామ మొహమాటపడతాడు. అన్న చెప్పాల్సింది అన్న చెప్తాడు. నేనొచ్చేతలికి పెంచల ఇంట్లో ఉంటాది," అని నవ్వుతూ సముద్రం వైపు పోయాడు.

బండి వచ్చింది. పెంచలమ్మ కొత్త చీర కట్టుకొని, పక్కన ట్రంకుపెట్టె పెట్టుకొని కూర్చుంది. నేను గుమ్మంలోంచి చేయి ఊపితే తను నవ్వింది. పసుపు నీళ్ళు కలిపి సిద్ధంగా పెట్టుకున్నాను. నరసయ్య అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు ఆయన పక్కన పెట్టి నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

వర్షాల గురించి, ఎడ్ల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత నరసయ్య పై గుడ్డ సర్దుకున్నాడు.

"పద్మనాభయ్యా, నీ దండకం మా ఊరి దాకా వచ్చింది. నేనూ విన్నా, నవ్వినా. అది కవిత్వం, దాన్ని నేను లెక్కలో ఏసుకోను. ఇప్పుడు ఇంటి పెద్దగా అడగతా ఉండా. మీ తమ్ముడి గురించి ఒక్క మంచి మాట చెప్పు."

మా ఆయన నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. కళ్ళు పైకెత్తి పెంకుల వైపు చూశారు. పద్యంలో ఒక పదం కుదరనప్పుడు ఆయన అలాగే చూస్తారు, నాకు ఆ చూపు తెలుసు. చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. నరసయ్య ఆయన మొహంలోకే చూస్తున్నాడు. వీధిలో ఎద్దు మెడ విదిలిస్తే గంటలు మోగాయి.

ఇక పట్టలేక నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. "మా మరిది మంచోడు మామా. ఆ పిల్ల పేరు చెప్పకుండా ముద్ద మింగడు," అన్నాను.

నరసయ్య నా వైపు కోపంగా చూడలేదు. "నువ్వు చెప్తావని తెలుసమ్మా. పెద్దాయన నోట రావాల," అన్నాడు.

అప్పుడు మా ఆయన, "ఏమని చెప్పను మామా?" అన్నారు.

ఆయన నిజంగానే అడిగారు, ఏ మాట సరిపోతుందా అని. నరసయ్యకు అది జవాబుగా వినిపించింది. ఎవరికైనా అలాగే వినిపిస్తుంది. ఆ పెద్దాయన, "సరేలే నాయనా. అబద్ధం చెప్పలేదు, అదీ మంచిదే," అని లేచాడు. నేను వెనకాలే బండి దాకా పరుగెత్తాను. పెంచలమ్మ నా మొహం చూసి, తర్వాత వాళ్ళ నాయన మొహం చూసి, ట్రంకుపెట్టె మీద చేయి వేసుకొని తల వంచుకుంది. బండి తిరిగిపోయింది.

నేను ఆయన్ని మర్యాద మరిచి అడిగాను. "నోట్లో ఏం పెట్టుకున్నారు? బుద్ధిమంతుడు అంటే మీ సొమ్మేం పోయేది?"

"అది అబద్ధం రాఘవా. మంచివాడు అందామా అంటే అర్థం లేని మాట, ఎవరికైనా సరిపోతుంది. ప్రయోజకుడు అసలే కాడు. వాడికి సరిగ్గా సరిపోయే మాట కోసం చూస్తున్నాను. ఇంతలో ఆయన లేచిపోయాడు."

తిట్టడానికి ఆయనకు అన్ని మాటలు దొరికాయి. వాటిలో ఒక్కదాన్నైనా ఇంత జాగ్రత్తగా తూచి చూశారా అని అడిగాను.

మరిది వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. భుజం మీద గోనె గుడ్డలో చుట్టిన పండుగప్ప, ఒక మనిషి మోయగలిగినంత ఉంది. ఊరందరికీ సరిపోయే చేప అది. ఒక్క మామగారి భోజనానికి తెచ్చాడు. వీధి మొదటినుంచే, "వదినా, కత్తిపీట ఎయ్యి," అని కేకేస్తూ వచ్చాడు. గుమ్మం ముందు బండి లేదు, చక్రాల జాడ మాత్రమే ఉంది. వాడు దాన్ని చూశాడు, అరుగు మీద ముట్టని మజ్జిగ గ్లాసును చూశాడు, స్తంభానికి ఆనుకొని కూర్చున్న అన్నను చూశాడు.

"అన్న ఏం చెప్పినాడు వదినా?" అన్నాడు మెల్లగా.

"ఏమీ చెప్పలేదురా," అన్నాను. ఇంకెట్లా చెప్పను?

ఏడుస్తాడేమో, అరుస్తాడేమో అనుకున్నాను. వాడు చేపను దించి, తనే కూర్చొని పొలుసు తీసి ముక్కలు కోశాడు. ఇరుగుపొరుగుకు తనే పంచి వచ్చాడు. భోజనాల దగ్గర మా ఆయన, "చెంచూ, నేను సరైన మాట కోసమే ఆలోచిస్తున్నాను రా, ఇంతలో…" అని మొదలుపెట్టారు.

"పర్వాలేదులే అన్నా. తినండి, చల్లారిపోతాది," అన్నాడు వాడు.

కొద్ది రోజులకే శ్రీహరికోట నుంచి మద్రాసుకు కట్టెలు తీసుకుపోయే పడవ ఎక్కి వెళ్ళిపోయాడు. నాకు చెప్పే వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడొస్తావురా అంటే, చూద్దాం వదినా అన్నాడు.

ఆ తర్వాత వాడి కబుర్లు చేపలు తెచ్చే మాల్యాద్రి నోటే తెలిసేవి. కట్టెల పడవలను గెడ వేసి తోస్తున్నాడట. బీడీ కూడా తాగడట. ఎవరికీ ఒక టీ ఇప్పించడట, ఎవరి దగ్గరా తాగడట. "మాట్టాడనే మాట్టాడడమ్మా. మన చెంచురామయ్యేనా అనిపిస్తాది," అన్నాడు మాల్యాద్రి. దండకంలోని పేరు ఒక్కటి కూడా ఇప్పుడు వాడికి నప్పదు. మేము కోరుకున్నది ఇదేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో. మా ఆయన రెండుసార్లు శ్రీహరికోట దాకా పోతానని బయలుదేరి కాలవ గట్టు నుంచే వెనక్కి వచ్చారు. ఏ మొహం పెట్టుకొని పోను అన్నారు. దండకం చదవమని ఎవరు పిలిచినా పోలేదు. కొత్త మాటలు తీసుకురావడం మానేశారు. ఇప్పుడు వంకాయలు తెమ్మంటే వంకాయలే తెచ్చేవారు, అది చూసి నాకు ఇంకా దిగులయ్యేది.

అరవై ఆరులో నరసయ్య పోయాడు. పలకరించడానికి ఇద్దరం కోట దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచాం. పెంచలమ్మ వసారాలో చాప వేసింది. కణతల దగ్గర అప్పుడే వెంట్రుకలు నెరిశాయి. మనిషి స్థిమితంగా ఉంది. నరసయ్య గురించి మాట్లాడుకున్నాం. తర్వాత మా ఆయన, దారి పొడుగునా లోపల కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేశారు.

"అమ్మా పెంచలమ్మా, మీ నాయన అడిగిన మాటకు నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. మా చెంచు చేతిలో ఉన్నది ఎదుటివాడికి పెట్టకుండా ఉండలేడు. ఎవరి మీదా వాడికి పగ లేదు. నేను తనను తిట్టినా నవ్వుతాడు. ప్రేమించిన మనిషిని మరిచిపోడు. అట్లాంటివాడు మా వంశంలో ఇంకొకడు లేడు. నా మాటకు నేను పూచీ. నువ్వు ఊ అంటే పోయి వాడిని తీసుకొస్తాను."

నాకు కళ్ళు తడి అయ్యాయి. పెంచలమ్మ అంతా విని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది.

"ఇయ్యన్నీ నాకు తెలుసు బావా. మా నాయనకూ తెలుసు," అంది.

"మరి ఎందుకు అడిగాడమ్మా?"

"మీకు తెలుసో లేదో అని. నేనొచ్చినాక ఆయన మళ్ళీ ఏదన్నా చేస్తే, ఆయన పక్కన నిలబడే మనిషి ఆ ఇంట్లో ఒకరుండారా లేదా అని."

మా ఆయన తల దించుకున్నారు. నేనే అడిగాను, "నువ్వు వాడిని మళ్ళీ చూడలేదా అమ్మా?"

"చూసినా అక్కా. మరుసటేడే మా నాయనకు తెలీకుండా పోయినా, దుగరాజపట్నం రేవుకు. పడవలో కట్టెలు ఎత్తతా ఉండాడు. నన్ను చూసి చేతులు కడుక్కొని వచ్చినాడు. రెండు దోసెలు తెప్పించి, నేను తినేదాకా ఎదురుగా కూచున్నాడు. నేను నీతో వస్తా, యాడుంటే ఆడ ఉంటా అన్నా. వద్దన్నాడు."

"ఎందుకు?"

బావగారి వైపు చూడకుండా నా వైపే చూస్తూ చెప్పింది.

"'మా అన్నకు తెలీని మాట లోకంలో లేదు పెంచలా. నన్ను ఎత్తుకొని పెంచినోడు. అట్టాంటాయన ఎతికినా నాకు తగ్గ మంచి మాట ఒక్కటి దొరకలేదంటే, అది నాలో లేదనే గదా. ఏమీ లేనోణ్ణి నమ్ముకొని నువ్వొస్తే, రేపు నిన్ను గూడా దుబారా చేస్తా' అన్నాడు. బస్సెక్కించి, అది కదిలేదాకా కిటికీ కాడే నిలబడినాడు."

ఆ తర్వాత మేము ఎక్కువసేపు కూర్చోలేదు. పెంచలమ్మ ఊరి చివరిదాకా వచ్చి సాగనంపింది. తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు మా ఆయన ఏడ్చారు. ఆయన ఏడవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఓదార్చాలని నాకు అనిపించలేదు. అయినా కొంగు అందించాను, తుడుచుకున్నారు.